ఋతుక్రమము – మన తోటమొక్కలు

క్రిస్మసు పండుగకు మా పాఠశాల సభామంటపము నలంకరించుటకు కావలసిన పువ్వులు మా తోటనుండియే వచ్చుట చిరకాలపు వాడుక. చేమంతులను, బంతులను బాలురే పెంచుదురు. బాలికలే దండలు గ్రుచ్చుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక డిసెంబరు మాసమున ఈ వాడుక తప్పినది. వసతిగృహపు వసారా యెదుట నాటిన చేమంతి వరుస నడుమెత్తు పెరిగి, పచ్చని యాకులతో నిండియుండియు ఒక్క మొగ్గయైన తొడుగలేదు. వంటయింటి వెనుకనున్న వరుస మాత్రము విరగబూచినది. రెండు వరుసలకును పిలకలొక్కటే, నాటిన దినమొక్కటే, వేసిన యెరువొక్కటే.

మేము తోటమాలిని పిలిపించి, నీ యశ్రద్ధవలననే పువ్వులు లేకపోయెనని బాలురందఱి యెదుటను మందలించితిమి. ఆయన మాకంటె పెద్దవాడు. బాలురాయనను తాతయని పిలుచుదురు. ఆయన కొంతసేపు మిన్నకుండి, “అయ్యగారూ, వసారాలో ఆ దీపం పెట్టినకాడినుంచి ఆ చెట్లకు నిద్ర లేదండీ” అని చెప్పెను. బాలురు నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ సంవత్సరము వానకాలమున పాముల భయముచే వసారాలో రాత్రి యంతయు వెలుగు విద్యుద్దీపము పెట్టించిన మాట నిజమే. కాని దీపమునకును చేమంతికిని సంబంధమేమని యనుకొంటిమి.

తరువాత వృక్షశాస్త్ర గ్రంథములను తిరుగవేయగా నవ్వదగినది మా యజ్ఞానమే యని తేలినది. ఆ తాత చెప్పిన మాటను విద్యార్థులకు విశదపఱచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఏలయన ఆ చేమంతి వరుసకు పట్టిన చిక్కువంటిదే నేడు మన తోటల కన్నిటికిని పట్టుచున్నది.

మొదట ఋతువు లెట్లు కలుగునో జ్ఞాపకము చేసికొందము. భూమియొక్క యిరుసు నిట్టనిలువుగాక సుమారు 23½ డిగ్రీలు వాలియుండుటచే, భూమి సూర్యుని చుట్టును తిరుగునప్పుడు ఒకప్పు డుత్తరార్ధగోళమును, ఒకప్పుడు దక్షిణార్ధగోళమును సూర్యునివైపు మొగ్గియుండును. దానివలన పగటికాలము హెచ్చుతగ్గులు చెందును. కృష్ణానది దిగువనున్న మా ప్రాంతమున జూనునెల చివరివారమున పగలు సుమారు 13 గంటలు. డిసెంబరునెల చివరివారమున సుమారు 11 గంటల 10 నిమిషములు. ఇంగ్లండు మొదలగు దేశములలో నీ భేదము చాల గొప్పది. మనకు రెండు గంటలకు లోపే. అయినను మొక్కల కీ స్వల్పభేదమే చాలును.

మన రైతులు సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా విభజించి, యొక్కొక్క కార్తెకు పదుమూడు, పదునాలుగు దినములు లెక్కించి పనులు జరుపుకొందురు. రోహిణిలో రోళ్లు పగులుననియు, మృగశిర ప్రవేశించిన చల్లబడుననియు ముసలివారు చెప్పుట మీరు వినియే యుందురు. ఈ లెక్క నక్షత్రములను బట్టి చేసినది. ఋతువులో, సూర్యుని గమనమును బట్టి వచ్చునవి. భూమియొక్క యిరుసు మిక్కిలి మెల్లగా దిక్కు మార్చుకొనుచుండుటచే నీ రెండు లెక్కలకును సుమారు 72 సంవత్సరముల కొక దినము వంతున ఎడమేర్పడును. అందుచేతనే దినములు పొడవగుట డిసెంబరు 21, 22 తేదీలనుండి ఆరంభమగుచున్నను, మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. కాని యీ భేద మొక మనుష్యుని జీవితకాలములో ఒక్క దినముకంటె మించదు. కాబట్టి “కార్తెలు పూర్వమువలె లేవు” అని నేడు రైతులనుచున్న మాటకు కారణమిది కాదు. అది వేఱొకటి. దానిని ముందు చెప్పుదుము.

ఇక ప్రధానాంశమునకు వత్తము. మొక్కకు పంచాంగము లేదు. అయినను తాను పూయవలసిన కాలము వచ్చినదని యది యెట్లు తెలిసికొనును? ఇద్దఱు సాక్షుల మాటవలన తెలిసికొనును. మొదటి సాక్షి రాత్రియొక్క పొడవు. రెండవ సాక్షి వేడిమియు, తేమయు. ఈ యిద్దఱును ఏకీభవించి చెప్పినంతకాలము తోట సుఖముగా నుండును.

మొదటి సాక్షిని గూర్చి లోకమునకు తెలియజేసినవారు అమెరికాదేశపు వ్యవసాయశాఖలో పనిచేసిన గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు. ఒక జాతి పొగాకు వేసవియంతయు పెరుగుచునేయుండి యెంతకును పూయకుండుటయు, శీతకాలమున గాజుటింటిలో పెంచినప్పుడు పూయుటయు చూచి, వారాశ్చర్యపడిరి. ఎరువు, తేమ, వేడిమి మొదలగువానిని మార్చి చూచినను ఫలము లేకపోయెను. తుదకు వేసవిలోనే ఆ మొక్కలను ప్రతిదినము కొన్ని గంటలసేపు చీకటిగదిలో నుంచి పగటికాలమును తగ్గింపగా నవి పూచినవి. ఈ సంగతిని వారు 1920 సంవత్సరమున ప్రకటించిరి. పిమ్మట 1938లో హామ్నరు, బానరు అనువారు మన పొలముగట్లపై మొలచు మరులమాతంగి మొక్కపై పరీక్షలు చేసి, మొక్క లెక్కించునది పగటిని కాదు, రాత్రినని కనుగొనిరి. దీర్ఘమైన రాత్రి నడుమ కొన్ని నిమిషములు దీపము చూపినను మొక్క ఆ రాత్రిని పొట్టి రాత్రిగానే యెంచి పూయుట మానివేయును. ఆకులలో నీ వెలుగును గ్రహించు వర్ణద్రవ్యమునకు ఫైటోక్రోము అని పేరు.

చేమంతి యీ తరగతికి చేరినదే. జూన్, జూలై మాసములలో నాటిన పిలకలు వర్షకాలమంతయు ఆకులు పెంచుకొని, సెప్టెంబరు పిమ్మట రాత్రులు పొడవగుట గ్రహించి మొగ్గ తొడుగును. వసారా దీపము క్రిందనున్న వరుసకు రాత్రియే లేదు. కావున దాని దృష్టిలో నింకను ఆషాఢమాసమే. తాత చెప్పిన “నిద్ర లేదు” అను మాటకు శాస్త్రముకూడ నింతకంటె చక్కని మాట చెప్పజాలదు.

ఈ స్వభావము గల మొక్కలు మన పెరటిలో పెక్కు కలవు. పందిరి చిక్కుడును జూలైలో పెట్టినను, అక్టోబరు దాటువఱకు తీగ సాగుటయే కాని పూత కనబడదు. సంక్రాంతినాటికి గుత్తులు గుత్తులుగా కాయును. గోంగూర వేసవిలోను, వానలలోను ఆకునే యిచ్చి, పగలు తగ్గినపిమ్మట పూవునకు తిరుగును. పాయిన్సెట్టియా అను మెక్సికోదేశపు మొక్క పై యాకులు క్రిస్మసు నాటికి ఎఱ్ఱబారుటయు నిందువలననే. వీథిదీపము ప్రక్కనున్న పాయిన్సెట్టియా పచ్చగానే యుండిపోవుట యెవరైనను చూడవచ్చును.

రెండవ సాక్షి మాటను వినువానిలో మామిడి ముఖ్యమైనది. వర్షములు నిలిచిన పిమ్మట దాని కొమ్మలు ముదిరి, నేల యారి, రాత్రులు 20 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడి చల్లబడినప్పుడు, కొమ్మల చివరనున్న మొగ్గ ఆకుగా గాక పూతగా విచ్చును. ఆ సమయమున వాన పడినను, తోటవాడు తెలియక నీరు పెట్టినను ఆ మొగ్గయే లేత చిగురుగా మాఱిపోవును. మల్లె వేఱొక విధమైనది. శీతకాలమున నీరు మాన్పించి, డిసెంబరు, జనవరి మాసములలో కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు, నీరు ఇచ్చినచో, వేడిమి హెచ్చుకొలది క్రొత్త రెమ్మలు వేసి మార్చినుండి పూయును. ఉగాది పచ్చడికి వేపపూవును, మామిడికాయయు ఒకేసారి దొరకుటకును, శీతోష్ణముల యీ క్రమమే యాధారము.

ఇప్పుడు చిక్కెక్కడనున్నదో చూడుడు. మొదటి సాక్షి యబద్ధమాడడు. వేయి సంవత్సరముల క్రిందట డిసెంబరు రాత్రి యెంత పొడవో నేడును ఇంచుమించుగా నంతియే. రెండవ సాక్షియే మాట మార్చుచున్నాడు. ఏలయన గాలిలోని బొగ్గుపులుసు వాయువు హెచ్చినది. యంత్రములు ప్రబలుటకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 280 పాళ్లుండిన యీ వాయువు, హవాయి ద్వీపమందలి మౌనాలోవా కొండపై కొలుచుట కారంభించిన 1958లో సుమారు 315 పాళ్లకును, 2024లో 420 పాళ్లకు పైగాను పెరిగినది. ఈ వాయువు భూమినుండి వెడలు వేడిమిని కొంత పట్టి నిలుపును. కంబళివలె నని చెప్పవచ్చును. బొగ్గును, నూనెలను మనము కాల్చుటయే యిందులకు ముఖ్యకారణము. భారతదేశమున 1901నుండి గల లెక్కలలో 2024వ సంవత్సరమే మిక్కిలి వేడియైనదని వాతావరణశాఖవారు ప్రకటించిరి.

వేడిగాలి నీటియావిరిని హెచ్చుగా పట్టుకొనును. ఒక డిగ్రీ పెరిగినచో నూటికి ఏడుపాళ్లు హెచ్చుగా మోయగలదు. ఆ కారణమున వాన కురిసినప్పుడు కుండపోతగా కురియుటయు, నడుమ దీర్ఘకాలము కురియకుండుటయు సంభవించును. ఇటీవలి సంవత్సరములను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 2023 ఫిబ్రవరిలో దేశమునందలి పగటి వేడిమి సగటు 1901నుండి యే ఫిబ్రవరిలోను లేనంత హెచ్చుగా నుండెను. అదే సంవత్సరము ఆగస్టులో వర్షము సాధారణముకంటె నూటికి 36 పాళ్లు తక్కువ. 1901 తరువాత నంత పొడి యాగస్టు లేదు. డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల సమీపమున తీరము దాటి, పొడిగా నుండవలసిన నెలలో తోటలను ముంచెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. 2025లో నైఋతి ఋతుపవనము జూన్ 1కి బదులు మే 24వ తేదీననే కేరళను చేరినది. ఒక్క తుపానునో, ఒక్క యెండకాలమునో చూపి ఋతువులు మారినవని నిశ్చయింపరాదు. పూర్వమును తుపానులు గలవు. కాని పెక్కు సంవత్సరముల లెక్కలొకే దిక్కునకు నడచునప్పుడు దానిని కాదనుటకు వీలులేదు.

సాక్షుల మాటలు భేదించినప్పుడు మొక్కలకు కలుగు బాధలను క్రమముగా చూతము.

మొదటిది, వెచ్చని రాత్రులవలన కలుగునది. మొక్క పగలు సూర్యకాంతితో ఆహారము సిద్ధపఱచుకొని, రాత్రి శ్వాసించుటలో కొంత వ్యయముచేయును. రాత్రి యెంత వెచ్చగానున్న వ్యయమంత హెచ్చు. కూలివాడు పగలు సంపాదించినది రాత్రికే చెల్లిపోయినట్లు, మొక్కకు కాయకై మిగులునది తగ్గును. టమాటో మొక్క దీనికి మంచి యుదాహరణము. పగలు 35 డిగ్రీలును, రాత్రి 24 డిగ్రీలును దాటినచో దాని పుప్పొడి బలహీనమై, పూవులు కాయ కట్టకయే రాలిపోవును. ఆకులు పచ్చగానుండుట చూచి మనము మఱింత యెరువు వేయుదుము; లోపము ఎరువులో లేదు.

రెండవది, అకాలవర్షమువలన కలుగునది. డిసెంబరు వాన మామిడిని చిగురునకు త్రిప్పును. అప్పటికే పూత వచ్చియున్న యెడల మబ్బును, తేమయు బూడిద తెగులును, తేనెమంచు పురుగును పెంచును. ఫిబ్రవరిలో ముందుగా ఎండలు ముదిరినచో కట్టిన పిందె రాలును. మా విద్యార్థులలో మామిడితోటలను గుత్తకు తీసికొను కుటుంబముల పిల్లలు కొందఱున్నారు. పూత పోయిన సంవత్సరము వారి ముఖములు చూచియే మేము గ్రహింపగలము. పాఠశాల రుసుముకై వారు గడువడుగుదురు. ఋతువు తప్పుట యనునది పుస్తకములోని విషయము మాత్రమే కాదు.

మూడవది, నీరు నిలుచుటవలన కలుగునది. వేళ్లకును ప్రాణవాయువు కావలెను. మట్టిరేణువుల నడుమనుండు గాలిస్థానమును నీరాక్రమించినప్పుడు వేళ్లకు ఊపిరాడదు. ఆ వేళ్లు నీటిని పీల్చజాలవు. అందుచే మొక్క నీటిలో నిలిచియుండియే వాడిపోవును. బొప్పాయి యిందులో మిక్కిలి సుకుమారము. రెండు దినములు నీరు నిలిచిన చాలును, చెట్టు పడిపోవును.

నాలుగవది, ఎండదెబ్బ. ఎండ ముదిరినపుడు ఆకులు నీటిని కాపాడుకొనుటకు తమ పత్రరంధ్రములను మూసికొనును. అప్పుడు గాలి లోనికి పోదు, ఆహారము తయారుకాదు, ఆకు చల్లబడుటయు లేదు. కప్పులేని నేల పైభాగము మే మాసపు మధ్యాహ్నమున 50 డిగ్రీలకు మించి వేడెక్కును. లేతనారు మొదలు అచ్చటనే కమిలిపోవును.

వీనికి ప్రతిక్రియ లేమి? ఆకాశమును మార్చుట తోటవాని చేతిలో లేదు. తన మడిని మార్చుకొనుట చేతిలోనున్నది. మేము మా తోటలో చేయుచున్నవానిని చెప్పుదుము.

చేమంతికిని, చిక్కుడుకును రాత్రివేళ చీకటి నిచ్చుచున్నాము. వసారా దీపమును తీసివేయక, దానికి రేకు మరుగు కట్టించి వెలుగు మెట్లపైననే పడునట్లు చేసితిమి. మరుసటి సంవత్సరము పరీక్షార్థమై యెనిమిది కుండీలను దీపపు వెలుగులోను, ఎనిమిదింటిని చీకటిలోను ఉంచితిమి. నవంబరు చివరకు చీకటిలోని కుండీలన్నియు పూచినవి. వెలుగులోని వానిలో ఒక్కటియు పూయలేదు. ఆ దినమున తరగతి బాలుర నందఱిని తోటలోనికి పిలిచి, తాతను మా ప్రక్కన నిలువబెట్టి, తప్పు మాదని యొప్పుకొంటిమి. నలుగురిలో మందలించిన దానిని నలుగురిలోనే దిద్దుకొనవలెను గదా.

కూరమడులను నేలకు జానెడెత్తు లేపి, నడుమ కాలువలు తీసితిమి; కుండపోత వాన నిలువక జాఱిపోవును. ఎండుటాకులను, వరిగడ్డిని మొక్కల మొదట రెండు మూడంగుళముల మందముగ పఱపించుచున్నాము. నేల చల్లగానుండును, తేమ నిలుచును, అది క్రుళ్లి యెరువగును. ఆకులను తగులబెట్టుట మా తోటలో నిషేధించితిమి. విత్తనమంతయు నొక్క దినముననే చల్లక, పదేసి దినముల యెడముతో మూడు విడతలుగా చల్లుచున్నాము. ఒక విడత బెట్టకు చచ్చినను మఱొకటి బ్రదుకును. టమాటోను సెప్టెంబరులో నారుపోసి, చలికాలమున కాపునకు వచ్చునట్లు చూచుకొందుము. మామిడికి నవంబరునుండి పూత వచ్చువఱకు నీరు పెట్టము. ఏ మొక్కకైనను నీరు పెట్టుటకు ముందు వ్రేలిని రెండంగుళములు మట్టిలో గ్రుచ్చి, తడియున్న మానుకొనవలెనని బాలురకు నియమము చేసితిమి.

వీనియన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. అది వ్రాసియుంచుట. జపానుదేశమందలి క్యోటో నగరములో చెర్రీచెట్లు పూచిన దినములు తొమ్మిదవ శతాబ్దమునుండి దినచర్యలలోను, ఇతర పత్రములలోను వ్రాయబడియున్నవి. ఆ లెక్క యుండుటచేతనే 2021లో మార్చి 26వ తేదీన వచ్చిన నిండుపూత పండ్రెండువందల యేండ్లలో మిక్కిలి ముందుగా వచ్చినదని చెప్పగలిగిరి. ఇంగ్లండులో నార్ఫోకు ప్రాంతమున రాబర్టు మార్షమను గృహస్థుడు 1736లో చెట్లు చిగిర్చిన దినమును, పక్షులు కూసిన దినమును వ్రాయ నారంభించెను. ఆయన వంశీకులు 1958 వఱకు దానిని సాగించిరి. వారికి గొప్ప యంత్రములు లేవు. ఒక పుస్తకము, ఒక కలము, విడువని యలవాటు, ఇంతియే.

మన పల్లెలలో నిట్టి లెక్కలు కాగితముపై లేవు; తాతవంటివారి జ్ఞాపకములో నున్నవి. ఏ కార్తెలో ఏ చెట్టు పూచెడిదో వారికి తెలియును. వారు చెప్పునది నేడు సరిపడకున్న యెడల, వారి మాట తప్పని నవ్వరాదు. వారు చెప్పినది తమ కాలపు సత్యము. నేడెంత దూరము తప్పినదో కొలుచుటకు మనకున్న కొలబద్ద యదియే. అది వారితో పోకమునుపే వ్రాసికొనవలెను.

ఈ యుద్దేశముతో మా పాఠశాలలో నొక తోటపుస్తకము నుంచితిమి. వేప మొదటి పూవు, మామిడి మొదటి పూత, మల్లె మొదటి మొగ్గ, చేమంతి మొదటి రేకు, తొలకరి వాన, వీని తేదీలను ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతివారు వ్రాయుదురు. ప్రక్కనే ఆనాటి కార్తెను తాత చెప్పగా వ్రాయుదురు. అయిదారు సంవత్సరముల లెక్కవలన ఏమియు తేలదు. ముప్పది యేండ్లకు తేలును. ఇప్పుడు వ్రాయు బాలుర పిల్లలు ఈ పాఠశాలలో చదువునాటికి ఆ పుస్తకము మాటలాడును.

ప్రియవిద్యార్థులారా, సెలవులకు మీ యిండ్లకు పోయినప్పుడు మీ పెరటిలో నొక్క చెట్టును ఎన్నుకొనుడు. అది పూచిన దినమును వ్రాయుడు. మీ యింటి పెద్దలను, ఇది పూర్వ మెప్పుడు పూచెడిదని యడిగి దానిని గూడ వ్రాయుడు. ఆ యడుగుటలో మర్యాద తప్పకుడు. మేమొకసారి తప్పి, ఒక డిసెంబరు మాసపు పూవులను, అంతకంటె నెక్కువగా ఒక మంచివాని మనస్సును నొప్పించితిమి. పోయిన క్రిస్మసునకు సభామంటపములో కట్టిన చేమంతి దండలన్నియు ఆ వసారా యెదుటి వరుసలోనివే.